కార్డుకు అందని కడుపుమంట

యూట్యూబ్ నిండా ఇప్పుడు 'గట్ హెల్త్' ముచ్చట్లే. చద్దన్నంలో మంచి బ్యాక్టీరియా ఎంతుందో చెప్పేవాళ్లకు కొదవ లేదు. కడుపులో తిష్ఠ వేసిన చెడ్డ బ్యాక్టీరియాను వెళ్లగొట్టడానికి ఎన్ని గోలీలు మింగాలో, ఎన్ని రోజులు బండి మూయాలో, ఏ చిట్టీ ఎత్తాలో చెప్పేవాళ్లు మాత్రం కనిపించరు.

ఇడ్లీ ప్లేటుకు నాలుగు గుంటలు. ఆమె ఒక్కో గుంటలో గోలీలు వేస్తోంది. మొదటి గుంటలో నాలుగు, మిగతా మూడింటిలో మూడేసి. పొద్దుటివి, పన్నెండు గంటలవి, సాయంత్రానివి, పడుకునే ముందువి. మొత్తం పదమూడు.

తెల్లవారుజాము నాలుగున్నర. సూర్యాపేటలో హైదరాబాద్–విజయవాడ హైవే దిగి ఊళ్లోకి మళ్లే మలుపులో ఆ టిఫిన్ బండి ఉంది. ఇడ్లీ పాత్రకు అప్పుడే ఆవిరి పడుతోంది. భర్త మైసూరు బోండా పిండి కలుపుతున్నాడు. గిన్నెలో అల్లం చట్నీ సిద్ధంగా ఉంది. ఆయన దాన్ని గరిటెతో తిప్పి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాడు. నాలుక మీద మాత్రం వేసుకోలేదు. ఆమె అరచేతిలో చుక్క వేయించుకుని నాకి, "సరిపోయింది" అంది.

రెండేళ్లుగా ఇదే పద్ధతి. రోజూ రెండొందల మందికి టిఫిన్ పెట్టే మనిషి తన చట్నీ తాను రుచి చూడలేడు. చూస్తే రొమ్ము కింద నిప్పు రాజుకుంటుంది.

"ఇయ్యాల ఎన్నో రోజు?" అన్నాడు.

"ఆరు. ఇంకా ఎనిమిది రోజులు మింగాలె. ఈసారి ఒక్కటి మిగిల్చినా ఊకోను చెప్తున్న" అంది ఆమె. పదమూడు గోలీలు, పద్నాలుగు రోజులు, మొత్తం 182. ఆ అంకెను ఆమె పాల లెక్క, మినపప్పు లెక్క రాసుకునే నోటుబుక్కు చివరి పేజీలో రాసి చుట్టూ సున్నా చుట్టింది.

ఆయన కడుపులో ఉన్న క్రిమి పేరు హెలికోబాక్టర్ పైలోరీ. డాక్టర్లు హెచ్. పైలోరీ అంటారు. ఇంట్లో వాళ్లు 'ఆ పైలోరి' అంటున్నారు, వీధిలో గిట్టనివాడి పేరు తీసినట్టు.

అన్నిటికీ ఒకే పేరు: గ్యాస్

మన దగ్గర కడుపుకు ఏమొచ్చినా 'గ్యాసే'. మంట వస్తే గ్యాస్, తేన్పు వస్తే గ్యాస్, వీపులో పట్టేసినా గ్యాస్. ఈ పేరు ఒకటి తగిలించాక ఇక డాక్టర్ అవసరం లేదు, మెడికల్ షాపు చాలు. "ఒక గ్యాస్ గోలీ ఇవ్వన్నా" అంటే పాంటాప్రజోల్ పట్టీ చేతిలో పెడతాడు. ఈ బండి ఆయన రోజుకో గోలీ చొప్పున రెండేళ్లు వాడాడు. పరగడుపున గోలీ, ఆ తర్వాత టీ. మధ్యలో ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజక్షన్లు. ఓ రాత్రి మంట ఛాతీ దాకా ఎగదన్నితే గుండెపోటనుకుని ఈసీజీ, ఎకో కూడా తీయించుకున్నారు. గుండె బాగుంది. ఆ సంతోషంలో ఇంకో నాలుగు నెలలు గ్యాస్ గోలీలతోనే నడిచిపోయింది.

గ్యాస్ గోలీ చెడ్డదేమీ కాదు. యాసిడ్‌ను తగ్గిస్తుంది, మంట చల్లారుతుంది. కానీ అది క్రిమిని చంపదు, దాక్కోనిస్తుంది. యాసిడ్ తగ్గిన కడుపులో హెచ్. పైలోరీ సంఖ్య పలచబడి, పరీక్ష చేసినా దొరక్కుండా పోవచ్చు. అందుకే ఈ పరీక్షకు ముందు రెండు వారాలు గ్యాస్ గోలీ మానేయమంటారు. రెండేళ్లు వదలని మనిషిని పద్నాలుగు రోజులు మానమంటే ఎంత కష్టమో ఆ భార్యను అడగాలి.

ప్రపంచ జనాభాలో సుమారు సగం మంది కడుపుల్లో ఈ క్రిమి ఉంటుందని చాలాకాలంగా చెబుతున్న అంచనా. మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి మించే ఉంటుంది. చాలామందికి చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచే అంటుకుంటుంది. నోటి నుంచి నోటికో, మలం కలిసిన నీళ్ల ద్వారానో. 'ఎంగిలి' అని మన నాయనమ్మలు అంత పట్టింపుగా ఉన్నది ఊరికే కాదేమో అని ఈ కథనం రాస్తుంటే నాకు అనిపించింది. అయితే ఆ నాయనమ్మలే అన్నం ముద్ద నమిలి మెత్తగా చేసి మనవడి నోట్లో పెట్టేవాళ్లు.

ఉన్నంత మాత్రాన రోగం వచ్చినట్టు కాదు. ఎక్కువమందిని ఇది జీవితాంతం ఏమీ అనదు. సుమారు పదిమందిలో ఒకరికి పుండు పడుతుంది. ఇంకా తక్కువమందికి, ఏళ్ల తరబడి ఉన్న వాపు క్యాన్సర్ దాకా వెళ్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. చిత్రమేమిటంటే, ఇంతమందిలో క్రిమి ఉన్నా మన దేశంలో కడుపు క్యాన్సర్ ఆ లెక్కన లేదు. వైద్యులు దీనికి 'ఇండియన్ ఎనిగ్మా' అని పేరు కూడా పెట్టుకున్నారు. అంటే భారతీయుల చిక్కుముడి.

పసుపు మీద సున్నం పడ్డట్టు

తినబుద్ధి కాక ఆయన ఏడు కిలోలు తగ్గాక ఇంట్లో భయం మొదలైంది. చూసిన ప్రతివాడూ "ఎందుకైనా మంచిది, హైదరాబాద్ పోండి" అన్నాడు. 'ఎందుకైనా' అనే ఆ మాటకు అర్థం క్యాన్సర్ అని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎండోస్కోపీ. గొంతులో మందు కొట్టి, వేలు లావు గొట్టం లోపలికి. ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతుంటే ఆమె తలుపు సందులోంచి చూస్తూ నిలబడింది. చిన్నపేగు మొదట్లో పుండు ఉంది. కడుపు గోడ నుంచి బియ్యపు నూకంత ముక్క తీసి, అగ్గిపెట్టెకన్నా చిన్న ప్లాస్టిక్ పలకలోని పసుపు రంగు జిగురులో పెట్టారు. నర్సు ఆ పలకను బల్ల మీద ఉంచి, "రంగు మారితే ఉన్నట్టు" అని చెప్పి పోయింది.

కాసేపటికి ముక్క చుట్టూ గులాబీ రంగు పాకింది. చూస్తుండగానే జిగురంతా ఎర్రబడింది.

"పసుపుల సున్నం కలిపినట్టే అయింది" అంది ఆమె నాతో.

ఆ మాట విని కాసేపు ఆగాను. ఆమె చెప్పింది పోలిక మాత్రమే కాదు, అక్షరాలా అదే రసాయనం. దిష్టి తీయడానికి పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రనీళ్లవుతాయి, సున్నం క్షారం కాబట్టి. హెచ్. పైలోరీ దగ్గర యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది యూరియాను విడగొట్టి అమ్మోనియా పుట్టిస్తుంది. అమ్మోనియా కూడా క్షారమే. పలకలోని జిగురులో యూరియా, రంగు మారే మందు కలిపి ఉంచుతారు. మనిషి కడుపులో, ఇనుప మేకును కూడా తినేసే యాసిడ్‌లో ఈ క్రిమి బతికేదీ ఆ అమ్మోనియాతోనే. తన చుట్టూ యాసిడ్‌ను చల్లార్చుకుంటూ, మరమేకులా మెలి తిరిగిన ఒంటితో కడుపు గోడ మీది జిగట పొరలోకి దూరి కూర్చుంటుంది. మందులు కూడా అక్కడికి సరిగా చేరవు. మొండితనం అక్కడే మొదలు.

> ఒక గ్లాసు, ఒక నోబెల్
>
> 1980ల దాకా అల్సర్ అంటే దిగులు, కారం, యాసిడ్. ఆస్ట్రేలియాలోని రాయల్ పెర్త్ హాస్పిటల్‌లో పాథాలజిస్టు రాబిన్ వారెన్ కడుపు ముక్కల్లో వంకర క్రిములను చూశారు. కుర్ర డాక్టర్ బ్యారీ మార్షల్ ఆయనతో కలిశారు. ల్యాబ్‌లో క్రిమిని పెంచబోతే ఎన్నిసార్లు చేసినా రాలేదు. రెండు రోజులకే ప్లేట్లు పారేసేవాళ్లు మరి. 1982లో ఈస్టర్ సెలవులు వచ్చి ప్లేట్లు అలాగే ఉండిపోయాయి. తిరిగొచ్చి చూస్తే క్రిములు పెరిగి ఉన్నాయి!
>
> అయినా ఎవరూ నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ క్రిముల ద్రవాన్ని తానే గ్లాసులో పోసుకుని తాగారు. కొద్ది రోజులకే వాంతులు, నోటి దుర్వాసన. కడుపు గోడ వాచిందని ఎండోస్కోపీలో తేలింది. 2005లో ఇద్దరికీ వైద్యంలో నోబెల్ వచ్చింది. వారెన్ 2024లో కన్నుమూశారు.

మన ఊళ్లలో పాత తరం వాళ్ల పొట్ట మీద నిలువు కోత మచ్చ కొందరికి ఇంకా కనిపిస్తుంది. యాసిడ్ ఊరించే నరం కోసేసి, కడుపును పేగుకు కుట్టేసిన 'అల్సర్ ఆపరేషన్' అది. మైసూరులో పనిచేసిన బ్రిటిష్ సర్జన్ ఫ్రాంక్ టోవీ అయితే, గోధుమ తినే ఉత్తరాదికన్నా బియ్యం తినే దక్షిణాదిలో ఈ పుళ్లు ఎక్కువని దశాబ్దాల కిందటే గమనించారు. ఆ ఆపరేషన్లలో ఎన్నో, ఈరోజు పద్నాలుగు రోజుల గోలీలతో తప్పిపోయేవి. గుంటూరు మిరపకాయ మోసిన నిందలో సగం ఈ క్రిమిదే. కారం పుండును మండిస్తుంది గానీ పుండును పుట్టించదు.

ఏడు కిట్లు కొని ఆపేశారు

మొదటిసారి రాసిన మందు 'కిట్టు'. ఒక్కో అట్టలో ఒక రోజు మందు: యాసిడ్ తగ్గించేది, అమోక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్. పొద్దున ఒక వరస, రాత్రి ఒక వరస. పద్నాలుగు రోజులకు పద్నాలుగు కిట్లు. కిట్టు 120 రూపాయలు.

"అన్నీ ఒకేసారి ఎందుకు, ముందు ఏడు తీస్కపోండి" అన్నాడు షాపాయన. మంచికే అన్నాడు, వాళ్ల చేతిలో డబ్బు చూసి. నాలుగో రోజుకు నోరంతా చేదు, ఇనుప చువ్వ నాకినట్టు. అయిదో రోజు విరేచనాలు. ఏడో రోజుకు మంట పూర్తిగా పోయింది. మంట పోయాక మిగిలిన ఏడు కిట్లు ఎవరైనా ఎందుకు కొంటారు? 840 రూపాయలు మిగిలాయని ఇద్దరూ సంతోషపడ్డారు. ఆ వారం బిడ్డకు కాలేజీ బ్యాగు కొన్నారు.

అయిదు నెలల తర్వాత మంట తిరిగొచ్చింది. ఈసారి పాత కిట్టు పనిచేయదన్నారు.

ఇక్కడ ఆ మనిషిని తప్పు పట్టడం సులువు. నాకు మనసు రాలేదు. ఎందుకంటే యాంటీబయాటిక్ మధ్యలో ఆపేయని ఇల్లు మన వీధిలో ఒక్కటి చూపించండి! జలుబు చేస్తే మూడు గోలీల అజిత్రోమైసిన్. కొవిడ్ రోజుల్లో అయితే పల్లీల్లా పంచారు. అది క్లారిత్రోమైసిన్‌కు వరసకు అన్నదమ్ముడే. ఒకదానికి మొండికేసిన క్రిమి రెండోదానికీ లొంగదు. విరేచనాలు పట్టుకుంటే చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే మెట్రోనిడజోల్ కూడా ఈ చికిత్సలో వాడే మందే. అలా ముప్పై ఏళ్లుగా వేరే వేరే రోగాలకు మింగిన ప్రతి అరకొర కోర్సూ కడుపు మూలన కూర్చున్న ఈ క్రిమికి ఒక్కో పాఠం. క్లారిత్రోమైసిన్‌కు లొంగని హెచ్. పైలోరీని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో, కొత్త మందులు అత్యవసరమైన క్రిముల జాబితాలో 'అధిక ప్రాధాన్యం' వరసలో పెట్టింది. ఏ మందుకు లొంగుతుందో తెలియనప్పుడు మొదటే నాలుగు మందుల కోర్సు పద్నాలుగు రోజులు వాడాలని 2024లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం కూడా మార్గదర్శకాలు మార్చుకుంది. బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, యాసిడ్ గోలీ. ఇడ్లీ ప్లేటు గుంటల్లో పడుతున్నవి అవే.

చిట్టీ పాట

డబ్బు సంగతి అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆమె నోటుబుక్కు తెచ్చింది.

లక్ష రూపాయల చిట్టీ. ఇరవై మంది, నెలకు అయిదు వేలు. బిడ్డ పెళ్లి నాటికి అక్కరకొస్తుందని వేసింది. చివరిదాకా ఆగి ఎత్తుకుంటే దాదాపు మొత్తం చేతికొస్తుంది. 'హైదరాబాద్ పోండి' అన్న ఆ నెలలో, నాలుగో పాటకే పాడేశారు. "లక్ష చేతుల పట్టుకుని పోవాలె, క్యాన్సర్ అంటే ఏం చేస్తం?" అన్న భయంతో పాడిన పాట. భయంతో వచ్చినవాడని చిట్టీ పాటలో అందరికీ తెలిసిపోతుంది. 22,000 వదులుకుని 78,000 తెచ్చుకున్నారు.

క్యాన్సర్ కాదని తేలింది. తెచ్చిన డబ్బులో సగం కూడా ఆసుపత్రికి కాలేదు. మిగిలింది కాలేజీ ఫీజుకూ, బండికి కొత్త స్టవ్వుకూ వెళ్లింది. ఆ 22,000 మాత్రం ఏ మందుల చీటీలోనూ కనిపించదు. రోగం తీసుకోలేదు దాన్ని, తొందర తీసుకుంది.

> నోటుబుక్కు చివరి పేజీ (రెండేళ్లకు, రూపాయల్లో)
>
> గ్యాస్ గోలీలు (ఆమె అంచనా) – 7,300
> ఆర్‌ఎంపీ ఇంజక్షన్లు – 2,400
> గుండె పరీక్షలు – 2,200
> కడుపు స్కానింగ్ – 1,000
> డాక్టర్ల ఫీజులు – 3,600
> ఎండోస్కోపీ, ముక్క పరీక్ష – 3,800
> మొదటి కిట్లు (ఏడు) – 840
> రెండో కోర్సు – 1,900
> బస్సులు, బయటి తిండి – 2,600
> బండి మూసిన 11 రోజులు (రోజుకు 1,500) – 16,500
>
> మొత్తం 42,140. ఇందులో క్రిమిని చంపే మందుకు అయింది 2,740.

ఆ చివరి అంకెను నేనే కూడి చెప్పాను. ఆమె నమ్మక మళ్లీ తాను కూడుకుంది. లెక్కలో అన్నిటికన్నా పెద్ద ఖర్చు మందు కాదు, డాక్టరూ కాదు, మూసిన బండి. రోజు కూలి మీద, రోజు అమ్మకం మీద బతికే ఇంట్లో రోగం ధర వేరుగా ఉంటుంది. నెల జీతగాడికి ఎండోస్కోపీ ఒక పూట సెలవు. ఈయనకు ముందురోజు రాత్రి మినపప్పు నానబోయకపోవడం, పొద్దున వచ్చిన ఖాతాదారులు పక్క బండికి మళ్లిపోవడం.

చిల్లు పడితే కార్డు, పడకముందు జేబు

రెండోసారి వాళ్లు ప్రైవేటు గడప తొక్కలేదు. హైదరాబాద్‌లో ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్లారు. ఎండోస్కోపీ పైసా లేకుండా అయింది. ఓపీ చీటీకి ఒక రోజు, ఎండోస్కోపీ తేదీకి ఇంకో రోజు, రిపోర్టు చూపించడానికి మరో రోజు. ఉచితం అన్నది బండి మూసిన రోజుల పద్దులోకి మారింది, అంతే. టెట్రాసైక్లిన్ ఆసుపత్రి మందుల కిటికీలో లేదు, నాలుగు షాపులు తిరిగితే అయిదో చోట దొరికింది.

"కార్డు ఉంది కదా" అని నేనూ అడిగాను. ఉంది. తెల్ల కార్డు, ఆరోగ్యశ్రీ. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకం లెక్కలేనన్ని కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది, అందులో సందేహం లేదు. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం పరిమితిని 10 లక్షలకు పెంచింది. కానీ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాళ్ల కోసం. పేగుకు చిల్లు పడి అంబులెన్సులో వస్తే ఆపరేషన్‌కు దారి ఉంది. ఆ చిల్లు పడకుండా ఆపే రెండు వేల రూపాయల గోలీలకు లేదు. ప్రైవేటు ఆరోగ్య బీమాదీ చాలావరకు ఇదే తీరు: ఇరవై నాలుగు గంటలు మంచం మీద పడుకుంటే డబ్బు, నడిచొచ్చి నడిచిపోతే మన జేబు.

మొదటి ఆసుపత్రిలో ఒకరు చెవిలో చెప్పారట, "ఒక రోజు అడ్మిట్ అయితే చూద్దాం" అని. అవసరం లేని పడకకు మనిషిని ఎక్కించే ఈ 'సాయం' ఎక్కడ పుడుతుందో అర్థం కావడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

దేశం మొత్తం మీద వైద్యానికయ్యే ఖర్చులో జనం సొంత జేబు నుంచి పెట్టేది 2013–14లో 64.2 శాతం, 2021–22 నాటికి 39.4 శాతం. జాతీయ ఆరోగ్య ఖాతాల లెక్క ఇది. తగ్గింది, మంచిదే. కానీ ఆ మిగిలిన వాటాలోనే ఉంటాయి గ్యాస్ గోలీలూ, ఓపీ ఫీజులూ, స్కానింగులూ. ఒక్కోటి చిన్నది. అందుకే అప్పు అనిపించదు, చిట్టీ ఎత్తేదాకా.

చేయగలిగినవి కొన్ని లేకపోలేదు. పాంటాప్రజోల్, అమోక్సిసిలిన్, మెట్రోనిడజోల్ లాంటి మామూలు మందులు జన ఔషధి కేంద్రాల్లో బయటి ధరలో సగానికీ అంతకన్నా తక్కువకూ దొరుకుతాయి. చీటీ మీద బ్రాండు పేరే ఉంటే అసలు మందు పేరు రాయమని డాక్టర్‌ను అడగొచ్చు. ఇంట్లో అందరికీ పరీక్షలు అక్కర్లేదు. ఆమె తనకూ పిల్లలకూ చేయించాలా అని అడిగితే, బాధ ఏదైనా ఉంటే చూద్దాం, ఏమీ లేకపోతే వద్దని ప్రభుత్వ డాక్టరే పంపించాడు. ఆ ఒక్క మాటతో మూడు పరీక్షల డబ్బు మిగిలింది.

కల్లు లేదు, టీ లేదు

రెండో కోర్సు మందులకు షరతులు ఎక్కువ. మెట్రోనిడజోల్ వాడినన్ని రోజులూ మద్యం చుక్క ముట్టకూడదు. ముడితే కడుపులో తిప్పుడు, వాంతులు. నల్లగొండ వైపు మనిషికి కల్లు మద్యం లెక్కలో రాదు. "కల్లు గుడ ఒద్దా సార్?" అని డాక్టర్‌ను రెండుసార్లు అడిగాడట. టెట్రాసైక్లిన్‌కు పాలు పడవు. పాలలోని కాల్షియం మందును పట్టేసుకుని ఒంటికి ఎక్కనివ్వదు. అంటే గోలీకి అటూ ఇటూ టీ బంద్. పక్కనే టీ డబ్బా ఉన్న టిఫిన్ బండి మనిషి పద్నాలుగు రోజులు టీ వేళలు గోలీ వేళలతో పంచుకోవడమంటే మామూలు విషయం కాదు. అందుకే ఆమె ఇడ్లీ ప్లేటు కనిపెట్టింది. గుంట ఖాళీ అయితే మింగినట్టు, లేకపోతే మింగనట్టు. అబద్ధం ఆడే వీలు లేదు.

ఎనిమిదో రోజు రాత్రి మరో గండం. మలం బొగ్గులా నల్లగా వచ్చింది. నాలుక మీదా నల్లటి పూత. రక్తమే అనుకుని పదిన్నరకు ఆటో మాట్లాడబోయారు. అదృష్టం, వీధి చివర ఉండే ఏఎన్‌ఎం మందుల అట్ట చూసి, అది బిస్మత్ రంగని చెప్పి పడుకోమంది. మందు రాసిన చోట ఈ ఒక్క ముక్క చెప్పడానికి పది సెకన్లు పట్టదు.

> ఎప్పుడు ఆగకూడదు
>
> బిస్మత్ వాడుతున్నప్పుడు మలం నల్లబడటం మామూలే. మందు లేకుండా తారులా జిగటగా, కంపు కొడుతూ నల్లగా వస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తపు వాంతి, మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, ఉన్నట్టుండి కడుపు బల్లలా బిగుసుకుని భరించలేని నొప్పి రావడం: ఇవి 'గ్యాస్' ఖాతాలో వేయకూడనివి.
>
> పోయిందా లేదా?
>
> కోర్సు అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి పరీక్ష చేయించాలి. ఆ నాలుగు వారాలూ యాంటీబయాటిక్, బిస్మత్ వాడకూడదు. చివరి రెండు వారాలు గ్యాస్ గోలీ కూడా వద్దు. ఊపిరి పరీక్షో, మలంలో యాంటీజెన్ పరీక్షో చాలు, ఇందుకోసమే అయితే మళ్లీ గొట్టం అక్కర్లేదు. రక్తపరీక్షలో యాంటీబాడీలు చూడటం పనికిరాదు, క్రిమి చచ్చిపోయినా అవి చాలాకాలం కనిపిస్తూనే ఉంటాయి.

పెరుగు, చద్దన్నం సంగతి కూడా అడిగారు. తినొచ్చు, పెరుగు మాత్రం టెట్రాసైక్లిన్ గోలీకి అటూ ఇటూ కాకుండా. యాంటీబయాటిక్స్‌తో వచ్చే విరేచనాలు కొందరికి అలాంటి వాటితో కాస్త తగ్గుతాయి. అంతేగానీ చద్దన్నం ఒక్కటే ఈ క్రిమిని చంపుతుందని ఏ వీడియోలో చెప్పినా, ఆ వీడియోను చద్దన్నంలోకి ఉల్లిపాయలా నంజుకోవడమే మేలు.

నాలుగు వారాల తర్వాత

నూట ఎనభై రెండు అయిపోయాయి. ఆ తర్వాత నాలుగు వారాలు ఖాళీ, అందులో గ్యాస్ గోలీ లేని రెండు వారాలు. మొదటి మూడు రోజులు ఆయన జేబు తడుముకుంటూనే ఉన్నాడట, పట్టీ కోసం.

పరీక్ష 1,800 రూపాయలు. తగ్గింది కదా, ఇంకెందుకు అని ఆయన. తగ్గింది పోయినసారి కూడా, అని ఆమె. శాంపిల్ డబ్బాను నల్ల కవర్లో చుట్టి, టిఫిన్ పార్శిల్ అనుకుని ఎవరైనా అడుగుతారేమోనని బండి దగ్గరికి రానివ్వకుండా నేరుగా ల్యాబ్‌కు తీసుకెళ్లింది ఆమే. రిపోర్టు మర్నాడు ఫోన్‌కు వచ్చింది.

"నెగెటివ్ అని వచ్చింది" అంటూ ఆయన మొహం మాడ్చుకుని నాకు ఫోన్ చేశాడు. "ఫెయిలైనట్టేనా?"

కాదని చెప్పాను. లేనట్టు, పోయినట్టు, అని మూడు విధాలుగా చెప్పాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత ఆమె గొంతు వినిపించింది, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. చిట్టీకి ఇంకా ఎనిమిది వాయిదాలు కట్టాలి.

ఆ ఆదివారం పొద్దున మళ్లీ వెళ్లాను. బండి దగ్గర గిరాకీ మొదలు కాలేదు. అల్లం చట్నీ గిన్నె మూత తీసి, వేలితో ఇంత తీసి ఆయన నాలుక మీద వేసుకున్నాడు. ఆమె గరిటె పట్టుకుని చూస్తోంది. ఆయన కళ్లు మూసి, చప్పరించి, తెరిచాడు.

"ఉప్పెక్కువైంది" అన్నాడు. "రెండేండ్ల సంది గిట్లనే ఏస్తున్నవా?"